మోటారు తిప్పిన శ్రుతి, చెవి పట్టిన శ్రుతి: గిటార్ ట్యూనర్ల గురించి కాస్త వివరంగా

మద్రాసు వడపళనిలో మా అక్కావాళ్ళింట్లో రెండు నెలలుగా ఒకటే వాదన. మా అక్క కూతురు గిటార్ నేర్చుకుంటోంది. వాళ్ళ మాస్టారు మొదటి రోజే చెప్పేశారట: "ఆరు నెలలు మిషను జోలికి పోవద్దమ్మా, చెవితోనే శ్రుతి చేసుకో." మా బావగారు ఇంజినీరు. తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తోందో చెప్పే ట్యూనర్ అనే పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంటే, తీగని బిగించే బిరడాని కూడా తానే తిప్పే మోటారు మిషన్లు వచ్చేశాక, పిల్ల రోజూ పావుగంట తీగలు లాగుతూ కూర్చోవడం దేనికని ఆయన ప్రశ్న. "పిన్నీ, ఇద్దరిలో ఎవరిది రైటు?" అని పిల్ల నన్నడిగింది.

చిన్నప్పుడు పదేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని. బిరడా తిప్పడమంటే ఏమిటో చేతికి తెలుసు. అయినా దాని ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మాస్టారు, బావగారు ఒకే మాటతో రెండు వేరు వేరు సంగతులు మాట్లాడుతున్నారు. ఆ చిక్కుముడి ఎక్కడుందో చూద్దాం.

ముందు పేర్ల గందరగోళం తీరాలి

"ఆటోమేటిక్ ట్యూనర్" అనే పేరు మీద మూడు రకాల వస్తువులు చలామణి అవుతున్నాయి. మొదటి రకం చూపించేది మాత్రమే. గిటార్ తలకి క్లిప్పులా తగిలించుకునేది, ఫోన్లో యాప్, స్టేజి మీద కాలితో నొక్కే పెడల్, అన్నీ ఇందులోకే వస్తాయి. తీగ ఎక్కువైందా తక్కువైందా అన్నది ముల్లు చెబుతుంది, బిరడా తిప్పే పని మనదే. రెండోది చేత్తో పట్టుకునే మోటారు. దాన్ని బిరడాకి తొడిగి తీగ మీటితే తనే తిప్పి, సరైన చోట ఆగుతుంది. మూడోది గిటార్‌లోనే బిగించి ఉండే వ్యవస్థ: ఆరు బిరడాలకి ఆరు మోటార్లు, ఒక బ్యాటరీ.

మాస్టారు వద్దన్నది మొదటి రకాన్ని. బావగారు కొనిపెడతానంటున్నది రెండో రకాన్ని. మూడోది మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు గానీ, ఎక్కువ రచ్చ జరిగింది దాని మీదే. ఆ కథ తర్వాత చెబుతాను.

మరో చిన్న సర్దుబాటు. గిటార్ తీగల పేర్లు ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులో "ఈ తీగ" అని రాస్తే ఏ తీగ అని అడగాల్సి వస్తుంది. కాబట్టి అంకెలతోనే పిలుస్తాను. అన్నిటికన్నా సన్నది మొదటి తీగ, లావుది ఆరో తీగ.

తీగకి ఒక అంకె, తేడాకి ఒక కొలత

తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్కే హెర్ట్జ్. మామూలు శ్రుతిలో గిటార్ ఆరో తీగ 82.4, ఐదోది 110, నాలుగోది 146.8, మూడోది 196, రెండోది 246.9, మొదటిది 329.6 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఈ అంకెలన్నీ ఒకే మేకుకి వేలాడుతున్నాయి. పియానో మధ్యలో ఉండే 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ అని 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒప్పుకున్నారు. అది ప్రకృతి నియమం కాదు, అందరూ కలిసి వాయించుకోవడానికి చేసుకున్న ఒప్పందం. ఆ మేకు జరిగితే మిగతావన్నీ జరుగుతాయి.

తేడాని కొలవడానికి సెంట్ అనే కొలత వాడతారు. గిటార్ మెడ మీద పక్కపక్క మెట్ల (ఫ్రెట్ల) మధ్య దూరం 100 సెంట్లు, స్థాయి మొత్తం 1200. మధ్యస్థాయి షడ్జం (స) నుంచి తారస్థాయి షడ్జం దాకా అన్నమాట. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు పండితుడు ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. క్లిప్ ట్యూనర్లలో మంచివి ఒక సెంటు తేడాని పట్టుకుంటాయి. కాంతి పట్టీలు కదిలినట్టు చూపించే స్ట్రోబ్ ట్యూనర్లు సెంటులో పదో వంతుని కూడా చూపిస్తాయి. ఇవి కొత్తవి కావు. అమెరికాలో కాన్ కంపెనీ స్ట్రోబోకాన్ 1936లోనే వచ్చింది. చేతిలో పట్టేంత ముల్లు ట్యూనర్ని కోర్గ్ 1975లో తెచ్చింది.

లోపల జరిగేది సూటిగానే ఉంటుంది. తీగ కంపనం ఒక అలలా లోపలికి వస్తుంది. ఆ అల ఎంతసేపటికి ఒకసారి అదే ఆకారంలో తిరిగొస్తోందో చూసి, ట్యూనర్ దాన్ని అంకెగా మారుస్తుంది. ఆ అంకెకి దగ్గరలో ఉన్న స్వరం పేరు చూపిస్తుంది. "దగ్గరలో ఉన్న" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కొత్త తీగ వేసి వదులుగా బిగిస్తే అది ఉండాల్సిన స్వరానికి ఎంతో కింద ఉంటుంది. అక్కడ దగ్గర్లో ఇంకేదో స్వరం తగిలి పచ్చ దీపం వెలుగుతుంది. పిల్లలు అక్కడే ఆగిపోతారు. దీనికి ఎదురుగా, స్వరం దాటిపోయినా తెలియక పైకే తిప్పుతూ తీగ తెంపుకునేవాళ్ళూ ఉన్నారు. ఏ తీగ ఏ స్వరం, ఏ స్థాయి అన్నది ముల్లు చెప్పదు, మనం తెలుసుకుని ఉండాలి.

ఫోన్ యాప్‌కి ఇంకో బలహీనత ఉంది. అది మైకు మీద ఆధారపడుతుంది. ఆర్కాట్ రోడ్డు మీద బస్సు హారన్ కొడితే దానికీ ముల్లు ఊగుతుంది. క్లిప్ ట్యూనర్ గాలిలో శబ్దాన్ని వినదు, చెక్కలో కంపనాన్ని పట్టుకుంటుంది. అందుకే పెళ్ళి హాల్లో నాదస్వరం మోగుతున్నా తన పని తాను చేసుకుపోతుంది.

చెవి అంకెలు లెక్కపెట్టదు, ఊగులాట వింటుంది

చెవితో శ్రుతి చేసేవాళ్ళకి 110 అన్న అంకె తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. దాదాపు ఒకే స్వరంలో ఉన్న రెండు తీగలు కలిసి మోగితే శబ్దం "వావ్ వావ్ వావ్" అని ఊగుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో విస్పందనాలని చదువుకున్నది దీన్నే. సెకనుకి ఎన్ని ఊపులో, రెండు తీగల హెర్ట్జ్ మధ్య అంత తేడా.

గిటార్ మీద చూద్దాం. ఆరో తీగని ఐదో మెట్టు మీద నొక్కి మీటితే 110 రావాలి. ఐదో తీగని ఊరికే మీటినా 110 రావాలి. ఐదో తీగ 108 దగ్గరుంటే సెకనుకి రెండు ఊపులు వినిపిస్తాయి. బిరడా తిప్పుతూ పోతే ఊపు మెల్లబడుతుంది, సాగుతుంది, చివరికి రెండు శబ్దాలూ ఒకటై నిలుస్తాయి. వీణ మీద నాకు మా గురువుగారు నేర్పింది ఇదే. "శబ్దం నిలబడాలి, ఊగకూడదు" అనేవారు. ఆ నిలబడే క్షణం మొదటిసారి పట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది. తీగ చల్లబడినట్టు అనిపించింది.

అయితే ఈ పద్ధతికి హద్దు ఎక్కడో కూడా లెక్క కట్టొచ్చు. 110 హెర్ట్జ్ దగ్గర ఒక సెంటు అంటే 0.06 హెర్ట్జ్ మాత్రమే. అంత చిన్న తేడా ఒక్క ఊపు ఊగడానికి పదిహేను సెకన్ల పైన పడుతుంది. ఈలోగా శబ్దం చాలావరకు చచ్చిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు తీగని నొక్కకుండా మెట్టు పైన వేలు తాకించి మీటి, సన్నటి గంటలాంటి హార్మోనిక్‌లు తీస్తారు. అవి మూల స్వరానికి మూడు రెట్లు, నాలుగు రెట్ల వేగంతో కంపిస్తాయి కాబట్టి ఊపులు కూడా అన్ని రెట్లు పెరుగుతాయి. చిన్న తేడా పెద్దదై వినిపిస్తుంది.

ఇక్కడ మన ఇళ్ళకే ప్రత్యేకమైన అడ్డంకి ఒకటుంది, సీలింగ్ ఫ్యాను. రెక్కలకి తగిలి తిరిగొచ్చే శబ్దం తనంతట తానే ఊగుతుంది. కింద కూర్చుని శ్రుతి చేసేవాళ్ళకి అది తీగల ఊపో, ఫ్యాను ఊపో తెలియదు. మే నెలలో మద్రాసులో ఫ్యాను ఆపి తీగలు సరిచేసుకోవడం ఎంత ఓపికో, చేసినవాళ్ళకే తెలుసు.

చెవి సరిగ్గా విన్నా తప్పు ఎలా వస్తుంది

అసలు చిక్కు ఇక్కడుంది. హార్మోనిక్ పద్ధతిలో ఆరో తీగ ఐదో మెట్టు దగ్గర తీసిన గంట, ఐదో తీగ ఏడో మెట్టు దగ్గర తీసిన గంట ఒకటవ్వాలని చాలామంది నేర్పుతారు. మొదటిది 82.41కి నాలుగు రెట్లు, అంటే 329.63. రెండోది ఐదో తీగకి మూడు రెట్లు. ఊపు పూర్తిగా ఆగేలా కలిపితే ఐదో తీగ 329.63ని మూడుతో భాగించిన చోట, అంటే 109.88 దగ్గర ఆగుతుంది. ఉండాల్సింది 110. రెండు సెంట్లు తగ్గింది.

రెండు సెంట్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఐదో తీగ నుంచి అలాగే నాలుగో తీగ కలిపితే నాలుగు సెంట్లు తగ్గుతుంది. దాన్నుంచి మూడో తీగ కలిపితే ఆరు. ఇక రెండో తీగని ఆరో తీగ ఏడో మెట్టు గంటతో కలుపుతారు, అది రెండు సెంట్లు పెరుగుతుంది. ఇప్పుడు మూడో తీగ ఆరు కింద, రెండో తీగ రెండు పైన. వాటి మధ్య దూరం 400 సెంట్లు ఉండాల్సింది 408 అయింది. చెవి ప్రతి అడుగులోనూ నూటికి నూరు పాళ్ళు సరిగ్గానే విన్నది. అయినా ఆ రెండు తీగలు కలిసి మోగితే గరుకుగా ఉంటుంది. "నా చెవి మీద నాకు నమ్మకం పోయింది" అని వదిలేసే పిల్లల్లో కొందరి తప్పు చెవిది కాదు, గొలుసుది.

పన్నెండు మెట్ల వెనక ఉన్న రాజీ

ఆ రెండు సెంట్లు ఎక్కడివి? షడ్జం, పంచమం (ప) స్వచ్ఛంగా కలిసినప్పుడు వాటి నిష్పత్తి రెండుకి మూడు. షడ్జం నుంచి పంచమానికి, దాన్నే షడ్జం అనుకుని మళ్ళీ దాని పంచమానికి, అలా పన్నెండుసార్లు ఎక్కితే మొదలుపెట్టిన స్వరానికే ఏడు స్థాయిల పైన చేరాలి. ఏడు స్థాయిలంటే 128 రెట్లు. పన్నెండు స్వచ్ఛమైన పంచమాలు ఎక్కితే వచ్చేది 129.75 రెట్లు. కలవదు. ఎవరి తప్పూ కాదు, రెండుకి మూడుకి పొత్తు కుదరదంతే.

గిటార్, పియానో లాంటి వాయిద్యాలు ఈ తేడాని పన్నెండు మెట్లకీ సమానంగా పంచేశాయి. దాంతో ప్రతి పంచమం స్వచ్ఛమైన దానికన్నా రెండు సెంట్లు తక్కువ. ఇది ఎవరికీ పెద్దగా వినపడదు. గాంధారం (గ) మాత్రం బాగా నష్టపోయింది. స్వచ్ఛమైన అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల పైన ఉండాలి. గిటార్ మెట్టు 400 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్లు ఎక్కువ. ట్యూనర్ పచ్చ దీపం చూపిస్తున్నది ఈ రాజీ పడిన స్వరానికే.

నేర్చుకునేవాళ్ళందరికీ ఎదురయ్యే అనుభవంతో చెబుతాను. 'ఇ' మేజర్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) వాయిస్తే మూడో తీగ మీద మొదటి మెట్టులో పలికేది గాంధారం. చెవి చురుగ్గా ఉన్న పిల్ల అది కొంచెం గుచ్చుకుంటోందని మూడో తీగని పద్నాలుగు సెంట్లు దించుతుంది. కార్డ్ తేనెలా ఉంటుంది. తర్వాత 'సి' మేజర్ వాయిస్తుంది. అందులో మూడో తీగే పంచమం. అదిప్పుడు పద్నాలుగు సెంట్లు తక్కువ, వినలేం. మళ్ళీ పెంచుతుంది. 'ఇ' కార్డ్ గుచ్చుకుంటుంది. ఇలా గంట గడుస్తుంది. చెవి బాగున్నవాళ్ళే ఈ ఉచ్చులో ఎక్కువగా పడతారు. ఇలాంటప్పుడు ట్యూనర్ నిజంగా మేలు చేస్తుంది. ఏ కార్డునీ మరీ ముద్దు చేయకుండా, ఏదీ మరీ చెడకుండా, అందరికీ కొంచెం కొంచెం పంచుతుంది.

ఈ రాజీని కూడా చెక్కేవాళ్ళున్నారు. అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ తన గిటార్ తీగల్ని ట్యూనర్ సున్నా దగ్గర ఆపడు. ఆరో తీగ 12 సెంట్లు, ఐదోది 10, నాలుగోది 8, మూడోది 4, రెండోది 6, మొదటిది 3 సెంట్లు కింద పెడతానని తానే వీడియోలో చూపించాడు. గమనించండి, ఆయన వాడేది ట్యూనరే. ఎక్కడ ఆగాలో నిర్ణయించింది ఆయన చెవి.

తంబూర పక్కన కూర్చుంటే లెక్క మారుతుంది

మా అక్క కూతురి మాస్టారు సినిమా పాటలతో పాటు కర్ణాటక సంగీతం మొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా గిటార్ మీద వాయింపిస్తారు. ఈ ఊళ్ళో ఇది వింతేమీ కాదు. పాలకొల్లులో పుట్టి మద్రాసులో పెరిగిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ని కచేరీ వాయిద్యం చేసి చూపించారు. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్ళూ ఇక్కడ ఉన్నారు.

పిల్ల మాయామాళవగౌళ రాగాన్ని ఒకటో శ్రుతిలో వాయిస్తోందనుకుందాం. షడ్జం పాశ్చాత్యుల 'సి'. గాంధారం కోసం మొదటి తీగని ఊరికే మీటితే చాలు, 329.6 హెర్ట్జ్. పక్కన తంబూర మోగుతోంది. దాని మంద్ర షడ్జం తీగ 65.4 హెర్ట్జ్. మంచి తంబూరలో ఆ తీగ మీటాక కాసేపటికి, ఎవరూ మీటని గాంధారం ఒకటి దానంతట అదే పలుకుతుంది. మన పెద్దలు స్వయంభూ గాంధారం అంటారు. అది ఆ తీగకి ఐదో హార్మోనిక్, 65.4కి ఐదు రెట్లు, అంటే 327 హెర్ట్జ్. గిటార్ తీగ 329.6, తంబూర గాంధారం 327. సెకనుకి రెండు ఊపులకన్నా ఎక్కువ. ట్యూనర్ పచ్చగా వెలుగుతుంటే తంబూర ఒప్పుకోవడం లేదు.

మాస్టారు ఏం చేశారంటే, తీగని కొద్దిగా దించి ఆ ఊపు ఆపమన్నారు. ఆపింది. బావగారు క్లిప్ తగిలించి చూశారు. ముల్లు పద్నాలుగు సెంట్లు ఎడమవైపు. "చూశావా, తప్పు చేశావు" అన్నారు. ఇద్దరూ తమ తమ పక్షాన సరిగ్గానే ఉన్నారు. ట్యూనర్‌ని అడిగిన ప్రశ్న "ఈ తీగ ఒప్పందం ప్రకారం ఉండాల్సిన అంకె దగ్గర ఉందా?" అన్నది. చెవిని అడిగిన ప్రశ్న "ఈ తీగ పక్కనున్న శబ్దంతో కలిసిందా?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు వచ్చే సందర్భాలే ఎక్కువ. రానప్పుడే ఇళ్ళల్లో గొడవలు.

ఇందులోనే ఇంకో మెలిక. గాయని ఐదున్నర శ్రుతి అంటుంది గానీ, గొంతు సౌకర్యాన్ని బట్టి తంబూరని ఇరవై సెంట్లు పైకి జరుపుకుంటుంది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెల్లో దానికోసం ప్రత్యేకంగా ఒక మర ఉంటుంది. బెంగళూరు ఇంజినీరు జి. రాజ్ నారాయణ్ రాడెల్ పేరుతో తెచ్చిన పెట్టెలు దక్షిణాదిలో ప్రతి సంగీతం ఇంటికీ చేరినవే. ఇప్పుడు గిటార్ 440 మేకుకే కట్టుబడి ఉంటే కలవదు. అయితే ట్యూనర్లో ఆ మేకుని జరపొచ్చు. ఇరవై సెంట్లు పైకి అంటే 445. అలా పెట్టి శ్రుతి చేస్తే ముల్లూ, తంబూరా మళ్ళీ ఒకే మాట మీదికి వస్తాయి.

ట్యూనర్లో మేకుని జరిపే ఆ బటన్ తెలియకుండా నొక్కుకుపోతే ఏమవుతుందో మేం అనుభవించాం. మొన్న ఉగాదికి అపార్టుమెంటులో పిల్లల కార్యక్రమం. గిటార్ పచ్చ దీపం దగ్గరే ఉంది, కీబోర్డుతో మాత్రం కలవడం లేదు. ఇద్దరు పిల్లలూ ఒకర్నొకరు అనుమానంగా చూసుకుంటూ పాట ముగించారు. తర్వాత చూస్తే క్లిప్ మీద 445 ఉంది, సంచిలో ఎప్పుడో బటన్ నొక్కుకుపోయింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. తన చెవి చెబుతూనే ఉందట, "కానీ మిషను కరెక్ట్ అంటోంది కదా పిన్నీ, అందుకే మార్చలేదు" అంది.

మోటార్లు వచ్చిన దారి

ఇప్పుడు మోటారు కథ. జర్మనీలోని హాంబర్గ్‌కి చెందిన ట్రానికల్ అనే సంస్థ తయారుచేసిన వ్యవస్థతో గిబ్సన్ కంపెనీ 2007లో "రోబాట్ గిటార్" విడుదల చేసింది. తీగలు మీటితే బిరడాలు వాటంతట అవే తిరిగి శ్రుతికి వస్తాయి. అంతటితో ఆగకుండా, 2015 మోడళ్ళలో చాలావాటికి దీని తర్వాతి రూపాన్ని ముందే బిగించి, ధరలు పెంచి అమ్మింది. కొనేవాళ్ళు ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది గిబ్సన్ తన గిటార్లని రెండు వరసలు చేసి, ఒకదాంట్లో మళ్ళీ మామూలు బిరడాలే పెట్టింది.

ఎందుకు ఎదురుతిరిగారన్నది ఆలోచించదగ్గది. మోటారు పని చేయదని కాదు, చేస్తుంది. పాటకీ పాటకీ మధ్య ఆరో తీగని ఒక స్వరం దించాలన్నా, తీగలన్నిటినీ వేరే అమరికలోకి మార్చాలన్నా చేత్తో చేస్తే నిమిషాలు పడుతుంది, సభ ఎదురుచూస్తుంది. మోటారు క్షణాల్లో చేస్తుంది. నా దృష్టిలో ఈ యంత్రానికి అసలైన చోటు అదే. కానీ ఒకే శ్రుతిలో జీవితమంతా వాయించే మనిషికి ఆ అవసరం లేదు. గిటార్ తల బరువెక్కడం, బ్యాటరీ గుర్తుపెట్టుకుని చార్జి చేయడం, చెడితే వీధి చివరి రిపేరు షాపులో బాగుచేయించుకోలేకపోవడం మాత్రం మిగులుతాయి. అడగని సౌకర్యానికి డబ్బు కట్టించుకున్నారన్నదే కోపమంతా.

చేత్తో పట్టుకునే మోటారుకి ఈ బాధలు తక్కువ. లెబనాన్ యువ ఇంజినీర్లు రూపొందించిన రోడీ 2014లో ప్రజల చందాలతో మార్కెట్లోకి వచ్చింది. మొదట్లో అది ఫోన్ మైకు మీద ఆధారపడింది, తర్వాతి మోడళ్ళు కంపనాన్ని తామే పట్టుకుంటున్నాయి. గిటార్‌ని మార్చక్కర్లేదు, ఒకే పరికరం ఇంట్లో ఉన్న గిటార్లన్నిటికీ సరిపోతుంది. కీళ్ళనొప్పులతో బిరడా తిప్పలేని పెద్దవాళ్ళకి, వినికిడి తగ్గినవాళ్ళకి, తరగతికి ముందు పదిహేను గిటార్లు సిద్ధం చేయాల్సిన మాస్టార్లకి ఇది వరమే. ఇందులో రెండో మాట లేదు.

ముల్లూ చెవీ రెండూ బాగుచేయలేనివి

శ్రుతి నిలవడం లేదని ట్యూనర్‌ని తిట్టేవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది తీగ దారిలో ఉంటుంది. తల దగ్గర తెల్లటి పట్టీకి ఉండే గాడిలో, గిటార్ వాళ్ళు నట్ అంటారు, తీగ ఇరుక్కుంటుంది. బిరడా తిప్పుతాం, తీగ కదలదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా జారి దాటిపోతుంది. మనిషి చేతికి ఆ ఇరుకు తెలుస్తుంది, చిన్న టిక్కుమన్న శబ్దం చెవికి తెలుస్తుంది. మోటారుకి తెలిసేది అంకె మారలేదని మాత్రమే, కాబట్టి తిప్పుతూ పోతుంది, దాటాక వెనక్కి వస్తుంది, మళ్ళీ దాటుతుంది. స్వరం దాటితే బాగా కిందికి దించి మళ్ళీ పైకి ఎక్కిస్తూ ఆపాలన్న పాత నియమం కూడా ఈ ఇరుకు నుంచి, బిరడా పళ్ళ మధ్య సందు నుంచి వచ్చిందే. పై నుంచి దించుతూ ఆపిన తీగ రెండు కార్డులు వాయించేసరికి ఇంకొంచెం జారుతుంది.

ఊరికే మీటినప్పుడు ఆరు తీగలూ పచ్చగా ఉండి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే స్వరం తప్పుతుంటే అది బ్రిడ్జ్ (తీగల కింది కొస ఆనే చోటు) మీద తీగ పొడవు సరిచేయాల్సిన పని. ఏ బిరడా తిప్పినా, ఎవరు తిప్పినా రాదు.

మీటే తీరు కూడా ఉంది. గట్టిగా మీటితే తీగ మొదటి క్షణంలో ఎక్కువ సాగి పై స్వరం పలుకుతుంది, తర్వాత దిగుతుంది. ముల్లు ఆ రెండిటి మధ్య ఊగుతుంది. మెల్లగా మీటి శ్రుతి చేసి, వేదిక మీద ఆవేశంగా బాదితే రెండూ ఒకటి కావు.

ఇక మన మద్రాసు వాతావరణం. ఇంట్లో 34 డిగ్రీలు, హాల్లో ఏసీ 24 డిగ్రీలు. ఉక్కు తీగ చల్లబడితే కుంచించుకుంటుంది, కానీ రెండు కొసలూ బిగించి ఉన్నాయి కాబట్టి బిగువు పెరుగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ మొదటి తీగ, అంగుళంలో వందో వంతు మందం ఉన్నదానికి ఉజ్జాయింపుగా లెక్క కడితే, చెక్క ఇంకా చల్లబడకముందే పది డిగ్రీల తేడాకి దాదాపు పదిహేను సెంట్లు పైకి వెళుతుంది. చుట్టు తీగలు (ఉక్కు మీద సన్న తీగ చుట్టిన లావు తీగలు) లోపలి ఉక్కు మీద తక్కువ లాగుడుతో ఉంటాయి కాబట్టి అవి ఇంకా ఎక్కువ కదులుతాయి. అన్నీ ఒకే రీతిన కదిలితే బాధే లేదు, ఒక్కోటీ ఒక్కో దూరం వెళుతుంది. అరగంటకి చెక్క కూడా చల్లబడి లెక్క మళ్ళీ మారుతుంది. ఇంట్లో సెంటులో పదో వంతు దాకా సరిచేసిన శ్రుతి, ఆటోలో కోడంబాక్కం బ్రిడ్జి దాటేసరికే పోతుంది.

మాస్టారి ఆరు నెలల షరతు గురించి

మిషను ముట్టుకోవద్దన్న మాట వెనక ఉన్నది చెవి శిక్షణ. బిరడా తిప్పుతూ ఊపు తగ్గడం వినే ఆ పావుగంటలో పిల్ల నేర్చుకుంటున్నది శ్రుతి చేయడం ఒక్కటే కాదు. రెండు స్వరాలు కలవడం ఎలా ఉంటుందో, విడిపోవడం ఎలా ఉంటుందో చెవికి ముద్ర పడుతోంది. పాడేటప్పుడు, వాయించేటప్పుడు తీగ సాగదీసి గమకం (స్వరాన్ని ఊపడం) పలికించేటప్పుడు పనికొచ్చేది ఆ ముద్రే. గమకం మధ్యలో ముల్లు చూసుకోవడం కుదరదు. వీణ వాళ్ళకైతే మెట్లు కూడా మైనం మీద చెవితోనే నిలబెట్టి మేళం కడతారు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన నాకు మాస్టారి మాట సహజంగానే నచ్చుతుంది.

బావగారి వాదనలో నేను కాదనలేనిదీ ఉంది. మొదటి నెలల్లో పిల్లకి చెవి ఇంకా తయారు కాలేదు. తప్పు శ్రుతిలో రోజూ గంట సాధన చేస్తే చెవికి పడేది తప్పు ముద్రే. గిటార్ బాగా లేదు, నాకు రాదు అని వదిలేసే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. గురువు ఇంట్లో కూర్చుని రోజూ శ్రుతి చేసిచ్చిన కాలంలో ఈ ఇబ్బంది లేదు. ఇప్పుడు మాస్టారు వారానికి రెండు గంటలు కనిపిస్తారు, మిగతా రోజులు పిల్ల ఒంటరిది.

చివరికి వాళ్ళింట్లో నడుస్తున్న పద్ధతి ఇది. పిల్ల ముందు ఒక్క ఐదో తీగని మాత్రం క్లిప్ చూసి 110కి తెచ్చుకుంటుంది. క్లిప్‌ని బోర్లా పెట్టి, మిగతా ఐదు తీగలూ చెవితో కలుపుతుంది, ప్రతిదాన్నీ ఆ ఐదో తీగ నుంచే, గొలుసుగా కాకుండా. అయ్యాక క్లిప్ తిప్పి చూసి, ఏ తీగ ఎన్ని సెంట్లు తప్పిందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. మొదటి వారం రెండో తీగ దగ్గర ఇరవై రెండు అని ఉంది. నిన్న చూస్తే ఐదు. సరళీ స్వరాలున్న రోజున మొదటి తీగ పక్కన "మైనస్ 14" అని రాసి, దాని పక్కన పెన్సిల్‌తో చిన్న తంబూర బొమ్మ వేసుకుంది.